ఇంటికి మూడు బారలు

వాణి ఆ ఊరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ పెట్టె మాత్రమే ఉంది. అందులో చిన్న గాజు గొట్టాలు, ఒక మందు సీసా. గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడు తక్కువున్న నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. ఎక్కువుంటే పసుపు రంగుకు తిరుగుతాయి.

హనుమంతునిపాడు దాటాక మెట్ట పొలాల మధ్య ఉంటుంది జువ్వలకుంట. రెండు వందల గడపలు. అంతకుముందు ఎవరో పెట్టించిన నీళ్ల ప్లాంటు రెండేళ్లకే మూలపడింది. వాణి మార్కాపురంలో ల్యాబ్ టెక్నీషియన్. సెలవు రోజుల్లో రిటైరైన టీచర్లు నలుగురు నడుపుకునే చిన్న ట్రస్టుకు పని చేస్తుంది. నాలుగు ఆదివారాల్లో ఆ ఊళ్లో నలభై ఒక్క చోట్ల నీళ్లు పరీక్షించింది. నలభై పసుపు. ఒక్కటి గులాబీ.

ఆ ఒక్కటి రోశమ్మ బోరు. ఊరికి కిలోమీటరు దూరంలో చేను. ఫలితం చెప్పడానికి వాణి వెళ్లేసరికి రోశమ్మ గోరుచిక్కుళ్లు కోస్తోంది. రేకుల షెడ్డు నీడలో మంచం మీద ఆమె భర్త రామయ్య కూర్చుని ఉన్నాడు. ఏళ్ల తరబడి ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను విల్లులా వంగి, మెడ బిగుసుకుపోయి, మనిషి ఎప్పుడూ నేలనే చూస్తున్నట్టు ఉంటాడు.

"ఏంది పాపా, ఫొటో తీసుకోను వచ్చినావా?" అంది రోశమ్మ, తల ఎత్తకుండానే.

"లేదు పెద్దమ్మా. మొన్న పట్టుకుపోయిన నీళ్ల సంగతి చెప్దామని."

"అప్పుడొచ్చినోళ్లు గూడా ఇట్లనే తియ్యగా మాట్లాడినారు."

మూడేళ్ల కిందట ఎవరో కారులో వచ్చారట. సాయం చేస్తామని చెప్పి, రామయ్య చొక్కా విప్పించి, ఎండలో నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. తర్వాత ఒకరోజు రోశమ్మ మందుల కోసం పట్నం వెళ్లి బస్సు దిగితే, ఎదురుగా గోడకు మనిషెత్తు ఫ్లెక్సీ. దాని నిండా రామయ్య వీపు. 'ఈ అభాగ్యుడిని ఆదుకోండి' అని పైన, ఫోన్ నంబరు కింద. ఆ వచ్చినవాళ్లు మళ్లీ ఊరి మొహం చూడలేదు.

"బస్సు దిగినోళ్లంతా ఆయన వీపు చూసుకుంటా పోతా ఉండారు పాపా," అంది రోశమ్మ. "కొంగు తీసి కప్పబోయినా. అందలేదు."

వాణి కాసేపు ఆమె పక్కనే నిలబడి చిక్కుళ్లు కోసింది. తర్వాత, ఊరు మొత్తానికి మంచినీళ్లు ఈ బోరులోనే ఉన్నాయని ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది.

రోశమ్మ చేతులు ఆగిపోయాయి. "ఊరంతా పసుపేనా?"

"అంతా పసుపే."

"బళ్లో పిల్లోళ్లు తాగేది?"

"అదే అన్నిటికన్నా ఎక్కువ పెద్దమ్మా."

ఆ బోరు వేయించి ఆరేళ్లు. కూరగాయల కోసం వేయించిందే. అప్పటికే రామయ్య నడుము వంగిపోయింది. రోశమ్మ మంచం వైపు చూసింది. రామయ్య నేలను చూస్తూనే, "ఇద్దాం లేవే," అన్నాడు.  

రోశమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "పొద్దున మూడు గంటలు ఊరికి. మిగిలిన నీళ్లు చేనుకి. సగం తోట ఎండిద్ది, ఎండనీ. కానీ ఒక మాట పాపా. ఫొటో తియ్యగూడదు. బండ మీద మా పేరు కొట్టించగూడదు."

"మాటిస్తున్నా పెద్దమ్మా," అంది వాణి.

ఈ మాట విని ట్రస్టు పెద్ద వెంకటేష్ మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఫొటో లేకపోతే ఎవరు కదులుతారమ్మా? వంగిపోయిన మనిషిని చూపించినా 'అయ్యో పాపం' అని పోయేవాళ్లే ఎక్కువ."

"అందుకే వద్దు సార్. మనకేం కావాలో అది అడుగుదాం."

ఆ సాయంత్రం వాణి ఫోన్లో నాలుగు వాక్యాలు రాసి తెలిసినవాళ్లందరికీ పంపింది. జువ్వలకుంటలో ఒక ఇంటివాళ్లు ఊరికి మంచినీళ్లు ఇస్తున్నారు. బడి దాకా తీసుకురావడానికి కిలోమీటరు పైపు కావాలి, ఒక ట్యాంకు కావాలి, దిమ్మె కట్టడానికి రాళ్లు కావాలి, కాలువ తవ్వే యంత్రం ఒక్క రోజు కావాలి. ఇందులో మీ దగ్గర ఏదుంటే అది ఇవ్వండి. ఏదీ లేకపోతే మీకు వచ్చిన పని చెప్పండి.

మొదటి ఫోన్ మర్నాడే వచ్చింది. పైపుల దుకాణం ఆయన, నిరుడు మిగిలిపోయిన పైపులున్నాయి, పట్టుకుపొమ్మన్నాడు. పామూరులో హోటలు మూసేసిన ఒకాయన తన పెద్ద ట్యాంకు కడిగించి ఆటోలో పంపాడు. వెలిగండ్ల నుంచి ఒక ఎలక్ట్రీషియన్ ఏడాదిపాటు మోటారు మంచిచెడ్డలు తానే చూస్తానన్నాడు. మార్కాపురం పలకల గనిలో పనిచేసే ఏసురత్నం స్వయంగా ట్రస్టు గదికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"నా దగ్గర ఇచ్చేదానికి ఏం లేదమ్మా. రాయి పరచడం వచ్చు. నా ఆదివారాలు రెండు రాసుకో."

వాణి రాసుకుంది.  ఇన్నేళ్లూ జనం గుండె కరగాలని చూశారు తాము. కావలసింది ఫలానా అని చెప్పేసరికి, జనం తమ ఇళ్లలోకి, తమ చేతుల్లోకి చూసుకోవడం మొదలుపెట్టారు.

యంత్రం మాత్రం రాలేదు. ఇస్తానన్నవాడికి వేరేచోట కాంట్రాక్టు పని తగిలింది. వాణి ఊరికి వెళ్లి ఆ మాట చెబితే, యల్లయ్య అనే పెద్ద రైతు ఎద్దుల పగ్గం ఒకటి భుజాన వేసుకుని లేచాడు. "ఒక దినం పనికి యంత్రం ఎందుకమ్మా?" అంటూ బడి నుంచి రోశమ్మ చేని దాకా కొలిచి సున్నంతో గీతలు పెట్టాడు. ఇంటికి మూడు బారలు. రెండు చేతులూ చాస్తే ఒక బార. ఎవరి వంతు వారు తవ్వాలి.

ఆదివారం పొద్దున వాణి ముప్పై మంది వస్తే గొప్పనుకుంటూ బస్సు దిగింది. బడి మలుపు తిరిగి ఆగిపోయింది. కంటికి ఆనినంత దూరం మనుషులు. పలుగులు, పారలు, తట్టలు. ఒకరితో ఒకరికి మాటల్లేని వాళ్లూ, పొలం గట్టు తగాదాలున్న వాళ్లూ పక్కపక్కనే నిలబడి మట్టి తోడుతున్నారు. పలుగు రాయికి తగిలిన చప్పుడు ఆ చివర మొదలై ఈ చివరి దాకా పాకుతోంది. ముప్పై మందికని ఆమె తెచ్చిన టీ ప్యాకెట్ల సంచి చేతిలో అలాగే ఉండిపోయింది.

చేని దగ్గర యల్లయ్య, రామయ్య మాట్లాడుకుంటున్నారు.

"నా మూడు బారలు ఏవి?" అన్నాడు రామయ్య.

"నీకేంది అన్నా? నీళ్లే నీవి గదా. మీ ఇంటికి వంతు పెట్టలా."

"నీళ్లు బోరువి. నా వంతు నాకు చూపియ్యి."

యల్లయ్య చేని పక్కనే ఉన్న తన ఇంటి మూడు బారలు ఆయనకు వదిలి జరిగాడు. రోశమ్మ భర్తను చంకల కింద పట్టి నేల మీదికి దించింది. ఆయన మోకాళ్లు ముడుచుకోవు. కాళ్లు బారజాపి కూర్చున్నాడు. ఆమె పలుగుతో కదిలిస్తే, ఆయన ఇనుప చిప్పతో మట్టి ఎత్తి పక్కన పోశాడు. కూర్చున్నచోటు అయిపోగానే అరచేతులు నేలకు ఆనించి ఒక జానెడు జరిగాడు. మళ్లీ చిప్ప ముంచాడు.

ఈ సంగతి కాలువ వెంట పాకింది. కాసేపటికి ఊళ్లోంచి ఒక ముసలాయన కర్ర ఊతంతో వచ్చి తమ ఇంటి వంతు దగ్గర నేల మీద కూలబడ్డాడు. తర్వాత ఒకామె. తర్వాత ఇంకా. నడుములు లేవని వాళ్లు, ఆకాశం చూసి ఏళ్లయినవాళ్లు పదకొండు మంది. ఎవరూ వాళ్లను వద్దనలేదు. ఎవరూ జేబులోంచి ఫోన్ తీయలేదు. వాణి వెళ్లి రామయ్య ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఆయన పోసిన మట్టిని తట్టలోకి తోసింది. ఆయన మొహం ఆమెకు అప్పుడే నిండుగా కనిపించింది. చెమట కారుతోంది. నవ్వుతున్నాడు.

పొద్దు వాలకముందే కాలువ బడి చేరింది. రెండు వారాల్లో ఏసురత్నం దిమ్మె లేచింది, పైపు పూడ్చారు, ట్యాంకు ఎక్కింది.

నీళ్లు వదిలే రోజు కుళాయి తిప్పడానికి రోశమ్మను పిలిస్తే రానంది. మోటారు దగ్గర మనిషి ఉండాలంది. అంతా బిందెలతో కుళాయి చుట్టూ చేరారు. పైపులో ముందు గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రటి నీళ్లు వచ్చి, తేటపడి, ధారగా దూకాయి.   అందరూ ఆ ధారనే చూస్తూ నిలబడ్డారు. ఒకామె చేయి చాచి నీళ్లను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

వాణి ఫోన్ మోగింది.

"వచ్చినయా పాపా?" అంది రోశమ్మ.

"వచ్చాయి పెద్దమ్మా." వాణి ఫోన్‌ను ధార దగ్గరికి పట్టుకుంది.

అవతల రోశమ్మ వెనక రామయ్య గొంతు, "ఏమంటుందే?" అని అడగడం వినిపించింది.

"వచ్చినయంట," అని ఆయనకు చెప్పి, "సరే పాపా, పెట్టేస్తా ఉండా. మోటారు చూసుకోవాల," అంది రోశమ్మ.