బేసిక్ సారు

ఫోన్ మోగేసరికి భూమేశ్వర్ స్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో కీబోర్డును బోర్లించి, సందుల్లో చేరిన దుమ్మును పెయింటు బ్రష్షుతో దులుపుతున్నాడు. ఆర్మూర్‌కు పసుపు వచ్చే కాలంలో కిటికీలు ఎంత బిగించినా ఆగదది. మీటల మధ్య నుంచి పచ్చగా రాలుతుంటే చూడడం ఆయనకు భలే సరదా.

"సార్! ఫస్ట్ వచ్చింది! స్టేట్ ఫస్ట్!" కోడింగ్ పోటీకి హైదరాబాదు వెళ్లిన తొమ్మిదో తరగతి వర్షిత అరుస్తోంది.

ఆయన బ్రష్షు పట్టుకునే లేచి నిలబడ్డాడు. "నిజమా బిడ్డా? పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అన్నాడు.

గది తుడుస్తున్న అంజవ్వ చీపురు ఆపింది. "ఏంది సారూ, గంత మురుస్తున్నవ్? కోడలు నీళ్లోసుకున్నదా?"

"అంతకన్న ఎక్కువ, అంజవ్వా. గీ ల్యాబ్ ఉంటదిగ!"

పాత కంప్యూటర్లు తీసేద్దామని స్కూలు కరస్పాండెంట్ నాగేందర్ పోయిన వేసవిలోనే అన్నాడు. భూమేశ్వర్ బతిమాలితే, "ఏదన్న ప్రైజ్ తెండ్రి, అప్పుడు సూద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆయన ఏడాదంతా బడి వదిలాక వర్షితను కూర్చోబెట్టుకున్నాడు.

ఊళ్లో ఆయన్ని బేసిక్ సారు అంటారు. ముప్పై ఏళ్ల కింద బస్టాండు ఎదుట మేడ మీద బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పేవాడు. కంప్యూటర్ గదిని గుడిలా చూసే రోజులవి. చెప్పులు గుమ్మం బయటే. నాగేందర్ కూడా అక్కడ వట్టి కాళ్లతో కూర్చుని, రెండే లైన్లతో తన పేరు తెర నిండా పారుతుంటే చప్పట్లు కొట్టినవాడే.

ఏటా మొదటి పాఠం ఒకటే. "అరవై ఏండ్ల కింద అమెరికల ఒక కాలేజీల ఇద్దరు లెక్కల సార్లు ఉండిరి. సైన్సు చదవని పిల్లలకు కంప్యూటర్ ఎందుకు అందొద్దు అన్నరు. అందరి కోసం గీ భాష కట్టిండ్రు. తర్వాత చిన్న మిషన్లు వచ్చినయ్. ఒక లైను చదువుడు, గప్పుడే చేసుడు. మీరు ఇప్పుడు నేర్చే పైథాన్ భాష గూడ గంతే. తప్పున్న లైను కాడికి వచ్చినంకనే ఆగుతది. ముందల ఏమొస్తదో దానికి తెల్వదు."

"మీకు మాత్రం తెలుసా?" అని భార్య విద్యావతి దెప్పుతుంటుంది.

మధ్యాహ్నం నాగేందర్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. బూట్లతోనే లోపలికి నడిచాడు. కలాకండ్ ముక్క ఆయన నోట్లో పెట్టాడు. వెన్నలా కరిగిపోయింది.

"మస్తు పేరొచ్చింది సార్ మనకు! రేపటి సంది కోడింగ్ అకాడమీ. హైదరాబాద్ నుంచి ఇంజనీర్ వస్తుండు."

"మంచిది. మరి నేను?"

"గీ దుమ్ముల మీరెందుకు సార్ ఇంక? నందిపేట్ పోయే మన స్కూల్ బస్సు సూసుకోండ్రి. పిల్లలను ఎక్కించుడు, దించుడు. ఆరామ్ పని." జేబులోంచి విజిల్ తీసి ఆయన అరచేతిలో పెట్టి, ఫోన్ ముందుకు చాపాడు. "ఇది సూడుండ్రి."

తెర మీద వర్షిత, మెడలో పతకం. ఎవరు నేర్పారని విలేకరులు అడుగుతున్నారు. పిల్ల ఒకసారి పక్కకు చూసి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "మా స్కూల్ కోడింగ్ అకాడమీల నేర్చుకున్న సార్."

"గట్ల చెప్పమని నేనే అన్న. ఎట్లుంది?" నాగేందర్ నవ్వాడు.

భూమేశ్వర్ నోట్లో తీపి ఇంకా ఉంది. మింగాడు. "మంచిగ చెప్పింది పిల్ల" అన్నాడు.

నాగేందర్ వెళ్లాక ఆయన కంప్యూటర్లను ఒక్కొక్కటిగా ఆపాడు. ప్రతి తెరా నల్లబడేదాకా నిలబడి, తర్వాతే పక్కదానికి జరిగాడు. నేల మీది బూటు గుర్తుల్ని గుడ్డతో తుడిచాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"బస్సు గా దిక్కు ఉన్నది సారూ" అంది అంజవ్వ.

"ఇంటికి పోతున్న."

"గిప్పుడేనా? మరి రేపు?"

ఆయన గేటు దాటాడు. ఆయన ఇంటి దారిలో మాక్లూర్ వైపు వెళ్లే ఆటో ఒకటి ఆగి, ఆయన్ని ఎక్కించుకుని కదిలింది. వెనక మైకులో నాగేందర్ గొంతు గరగరమంది. "అందరు వినుండ్రి! రేపు పొద్దున అకాడమీ ఓపెనింగ్, వర్షితకు సన్మానం. అంతకన్న ముందు తుక్కు బండి వచ్చి పాత కంప్యూటర్లు తీసుకపోతది. ల్యాబ్ కాడ ఎవరూ అడ్డం నిలబడొద్దు!"

ల్యాబ్‌లో సారు కుర్చీ మీద విజిల్ ఉంది. దాని ఎర్ర దారానికి దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది.