ముప్పై మూడు డిగ్రీలు

కరిగిన ఐస్ ప్యాకును చంక కిందినుంచి తీసి, గట్టిదాన్ని గుడ్డలో చుట్టి పెట్టాడు లింబయ్య. మెడకు రెండు పక్కలా రెండు, చంకల్లో రెండు, గజ్జల్లో రెండు. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాక మార్చడం ఇది మూడోసారి.

మంచం మీద మోర్తాడ్ రైతు లక్ష్మీరాజం కదలకుండా పడి ఉన్నాడు. నోట్లో గొట్టం, ఛాతీ మీద వైర్లు, అరికాళ్ల పగుళ్లలో పసుపు. నిన్న గుండెల్లో నొప్పని ఆటోలో వచ్చినవాడు ఈ నిజామాబాద్ హాస్పిటల్ మెట్ల మీదే కూలిపోయాడు. ఆగిన గుండెను డాక్టర్లు మళ్లీ కొట్టుకునేలా చేశారు. తెలివి మాత్రం రాలేదు. మెదడు పాడు కాకుండా ఒకరోజు ఒంటిని చల్లగా ఉంచాలన్నారు.

మానిటర్ మీద ముప్పై మూడు. లింబయ్య చూపు ఆ అంకె మీదే ఉంది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా అతను పాకం కాగే చోట పనిచేశాడు. ముంజేతుల మీద కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు అవే చేతులకు మంచు. వేళ్ల చివర్లు తెల్లబడి, మొద్దుబారి, అన్నం వేడి కూడా తెలియదు. యాభై ఎనిమిదేళ్లు. వార్డుబాయ్ అంటారు.

పది గంటలకు భీమవ్వను లోపలికి వదిలారు. ఆమె భర్త కాళ్లు పట్టుకుని ఉలిక్కిపడింది. కొంగుచాటునుంచి గొంగడి తీసి మోకాళ్లదాకా కప్పి, అరికాళ్లు రుద్దసాగింది.

లింబయ్య ఒక్క అంగలో వచ్చి గొంగడి లాగేశాడు.

"కప్పద్దక్కా. నిన్ననే జెప్పిన."

"పీనుగ తీరు సల్లగైండన్నా! కాళ్లన్న కప్పనియ్యి. కాళ్లకేమైతది?"

"సల్లగుంటెనే మంచిది."

"నీ పెండ్లాన్ని గిట్లనే మంచుల పండవెడ్తవా?"

లింబయ్య గొంగడిని నాలుగు మడతలు పెట్టాడు. "పెట్టిన," అన్నాడు.

"రాయివి నువ్వు," అని ఆమె బయటికి పోయింది.

పెట్టాడు. నాలుగేళ్ల కింద, ఇదే మంచం మీద, ఈరవ్వను. వణుకు రాకుండా మందిచ్చినా ఆమె కాలివేళ్లు అదురుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ల కాపురంలో చలి అని ఒక్కనాడూ అనని మనిషి. నర్సు అటు పోగానే తన గొంగడి తెచ్చి కప్పాడు. గంటసేపు. అంకె ముప్పై ఐదుకు ఎక్కింది. నర్సు వచ్చేలోపు తీసేశాడు. మూడోనాడు ఈరవ్వ పోయింది. గొంగడి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అందుకే అది నీ తప్పు కాదని చెప్పేవాళ్లూ లేకపోయారు. ఆనాటినుంచి అతని డ్యూటీలో ఎవరి దుప్పటీ ఆ మంచాన్ని తాకలేదు.

పన్నెండింటికి మంచు తీసేయమన్నారు. ఇక మెల్లగా వేడెక్కించాలి.

"ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు లింబన్నా," అంది నర్సు నిరోష చార్టు చూసి.

రెండింటికి డ్యూటీ దిగాడు. కానీ పోలేదు. స్టూలు లాక్కుని మానిటర్ ఎదుట కూర్చున్నాడు. ముప్పై మూడున్నర.

"గట్ల చూస్తుంటే క్రికెట్ స్కోర్ అనుకుంటరు. ఇంటికి పో, అన్నం తిను," అంది నిరోష.

"ముప్పై ఆరైనంక పోత. ఇంట్ల ఎవలున్నరని ఉరుకుడు?"

ముప్పై నాలుగు. ముప్పై నాలుగున్నర.

అయిదు గంటలకు గుండె గీత చెదిరింది. డాక్టర్లు పరుగున వచ్చారు. నలభై నిమిషాలు ఛాతీ నొక్కారు. తర్వాత పెద్ద డాక్టర్ గోడ గడియారం చూసి, గ్లౌజులు విప్పి, బయట కూర్చున్న భీమవ్వ దగ్గరికి నడిచాడు.

లింబయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈరవ్వకు అంకె ఎక్కింది, పోయింది. ఇతనికి మంచున్నంతసేపూ ఎక్కలేదు, ఇతనూ పోయాడు. నాలుగేళ్లలో ఎందరి చేతుల్లోంచి దుప్పట్లు గుంజాడో లెక్కపెట్టబోయి, ఆపేశాడు.

పొద్దున అల్మారాలో పెట్టిన భీమవ్వ గొంగడి తెచ్చాడు. భీమవ్వ భర్త పాదాలను రెండు అరచేతుల్లో పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు.

"అక్కా... ఇగ కప్పు," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "ఇప్పుడెందుకన్నా?"

చీకటి పడకముందే అంబులెన్స్ మోర్తాడ్ దారి పట్టింది. నిరోష మంచం మీద కొత్త దుప్పటి పరిచి పోయింది. స్టూలు మీద గొంగడి, పొద్దున అతను పెట్టిన నాలుగు మడతల్లోనే, విప్పేవారు లేక అలాగే ఉండిపోయింది.