ఖాళీ చెంబు

మా నకరికల్లు బడిలో పందొమ్మిది వందల నలభై నాలుగులో క్రిస్మస్ నాటకం నేర్పడానికి నరసరావుపేట నుంచి ధనుంజయరావు మాస్టారు వచ్చారు. వచ్చినాయన పద్యాలు నేర్పక, పంతుళ్ళూ పంతులమ్మలూ మా అందరిచేతా ఆటలాడించడం మొదలుపెట్టారు. ఒకరు మనసులో ఒక మాట దాచుకోవాలి. అది బయటపెట్టకుండా ఉప్పూ చింతపండూ గురించి మాట్లాడాలి. దాచిందేమిటో మిగతావాళ్ళు కనిపెట్టాలి. నాకు ఒళ్ళు మండింది. మనసులో మాట దాచుకోవడం నాకొకరు నేర్పాలా? మా ఆయన పేతురు పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళి రెండేళ్ళు. ఏడు నెలలుగా ఉత్తరం లేదు. ఎవరడిగినా "బాగానే ఉన్నాడంట" అని తిరుగుతున్నాను.

ఆ సాయంత్రం మాస్టారు నన్నూ బాలశౌరి అన్ననూ లేపారు. బాలశౌరి మా డ్రిల్లు మాస్టారు. ఆయన తమ్ముడిదీ పేతురు పటాలమే. ఆటలో ఆయన చేట అడగడానికి వచ్చిన పొరుగాయన, నేను ఇంటిదాన్ని. దాచే వంతు ఆయనది.

"ఏందన్నయ్యా, ఇట్టా వచ్చావు?"

"చేట ఉంటే ఇస్తావేమోనని, చెల్లెమ్మా."

"ఇస్తాలే. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

బల్లమీది ఖాళీ చెంబు అందించాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దులే. చేట ఇయ్యి, పోతా."

"ఉత్త చెంబేగా. తాగినట్టు చెయ్యి."

"దాహం లేదమ్మా."

చావు కబురు తెచ్చినవాడు అది చెప్పేదాకా ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టడు. మా వైపు అందరికీ తెలిసిందే. ఆటలో ఉన్నారు గనక ఇంకెవరికీ తట్టలేదు.

"ఏదో కోపం దాచాడు," అంది ఎస్తేరు పంతులమ్మ.

"నువ్వు చెప్పు ఫిలోమినా," అన్నారు మాస్టారు.

"నాకు తెలియలా."

"అయితే ఓడిపోయావు," అని నవ్వారాయన.

అందరూ వెళ్ళినా బాలశౌరి కదల్లేదు. కుండలోంచి అదే చెంబు నిండా నీళ్ళు ముంచి ఇచ్చాను.

"తాగన్నయ్యా. చెప్పేశావుగా."

ఆయన గోడకానుకుని ఏడ్చాడు. "తమ్ముడి జాబొచ్చి నాలుగు రోజులైంది. పండగైనా కానిద్దామని చూశా తల్లీ."

నాకు ఏడుపు రాలేదు. రేపు ఎవరైనా అడిగితే "బాగానే ఉన్నాడంట" అనడానికి కూడా లేదే అనుకున్నాను.