ఐదేళ్ళుగా ఎవరూ తియ్యని సంపుటి

ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒఫోరి అనే అధికారి వచ్చేనాటికి, జిబోడి ఆ పట్నం గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరి ఇరవై ఆరేళ్ళయింది. ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు పక్కన పెట్టి విషయం చెప్పాడు.

"ఇకమీదట గ్రంథాలయమంటే పుస్తకాల గోడౌన్ కాదు మేడమ్. కంప్యూటర్లు వస్తున్నాయి. చోటు కావాలి. ఐదేళ్ళుగా ఎవరూ తియ్యనివన్నీ జాబితా రాసి సంతకం పెట్టండి."

"పాత పత్రికల సంపుటాలున్నాయండి. మరెక్కడా దొరకవు."

"అవి స్కాన్ చేయిస్తాం. ముందు జాబితా ఇవ్వండి."

నిజం చెప్పాలంటే జిబోడికీ కంప్యూటర్లంటే ఆశే. వానాకాలం వచ్చిందంటే అట్టల మీద బూజు తుడవడానికే పొద్దు సరిపోయేది. మూడు వారాలు కూర్చుని జాబితా రాసింది. చివరి గడిలో కారణం రాయాలి. మొదట్లో ఒక్కోదానికీ ఆలోచించి రాసింది. పోనుపోను 'ఉపయోగం లేదు' అని పైనుంచి కిందికి రాసుకుంటూ పోయింది.

చర్చివాళ్ళు ఎవే అనే అక్కడి భాషలో వేసిన నెలపత్రిక, పంతొమ్మిది వందల డెబ్భై నాలుగో సంవత్సరం సంపుటి దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది. వాగు అవతలి పొలం కొమ్లా అనే రైతుదేనని ఆనాటి పెద్దలు ఇచ్చిన తీర్పు అందులో ఒక మూల అచ్చయింది. కొమ్లాకు చదువు రాదు. ఏటా కర్రపెండలం తవ్వడం అయ్యాక వచ్చి, ఆ పది వరుసలూ ఆమె చేత చదివించుకుని, "అక్షరాలు ఎక్కడికీ పోలేదు కదమ్మా" అని నవ్వి వెళ్ళేవాడు. ఆయన చనిపోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఆ సంపుటిని ఎవరూ తియ్యలేదు. ఎలాగూ స్కాన్ చేస్తారుగా అనుకుని దానికీ అదే కారణం రాసింది.

నియమం ప్రకారం జాబితా గోడకు అంటించారు. లారీ వచ్చింది, కట్టలు ప్రాంతీయ కార్యాలయం గోడౌన్‌కు ఎత్తుకుపోయింది. కంప్యూటర్లు వచ్చాయి, రిబ్బను కత్తిరించారు. స్కాన్ చేసేవాళ్ళే రాలేదు.

నాలుగు నెలల తర్వాత కొమ్లా కూతురు అక్పెనే వచ్చింది.

"పక్క పొలం సెలోమ్ మా పొలం తనదంటున్నాడక్కా. మా నాన్నకు వాళ్ళ నాన్న సాగు చేసుకోమని ఊరికే ఇచ్చాడట. శుక్రవారం ఊరిపెద్ద తోగ్బి ముందు పంచాయితీ. నాన్న నీ చేత చదివించుకునే పుస్తకం ఇస్తే చూపించి తెస్తాను."

జిబోడి మర్నాడే బస్సెక్కి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. గోడౌన్ కాపలావాడు ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆ కట్టలా? వానకు తడిసి ముద్దయితే కాగితం మిల్లుకు తోలేశారు. ఇన్నాళ్ళకు గుర్తొచ్చాయా?"

శుక్రవారం ఆమె తోగ్బి ఇంటి ముంగిట నిలబడి, చెప్పులు విడిచి, ఆ పది వరుసలూ పొల్లుపోకుండా చెప్పింది. పెద్దలు తలలూపారు. సెలోమ్ లేచి, ఫోనులో ఉన్న ఒక ఫొటో చూపించాడు.

"బాగా అప్పజెప్పారు మేడమ్. ఇది మీ గోడమీది జాబితానే. ఈ సంపుటికి ఎదురుగా ఏం రాసుందో చదవండి."

"ఉపయోగం లేదు అని."

"సంతకం ఎవరిది?"

"నాదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. తోగ్బి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు అబద్ధం చెప్తున్నావని నేననను. కానీ కాగితం లేదు. ఉన్న కాగితమేమో నీ మాటకే అడ్డొస్తోంది. నేనేం చెయ్యను?"

పొలం సెలోమ్‌ది అయింది. నిలబడి ఉన్న పైరు మాత్రం అక్పెనే తవ్వుకోవచ్చన్నారు.

బయట అక్పెనే ఏడవలేదు, అరవలేదు. "నాన్నను ఆ పత్రిక ఒకటి ఇంట్లోనూ పెట్టుకోవచ్చుగా అని అమ్మ పోరేది. నాన్నేమో ఇంట్లో అయితే చెదలు తింటాయే, జిబోడి దగ్గరైతే భద్రం అనేవాడు" అంది. జిబోడి చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది.

తర్వాత నెలలో ఒఫోరి రెండో జాబితా అడిగాడు. జిబోడి రాయనంది. "పోనీలెండి" అన్నాడాయన, కోపమైనా లేకుండా. కంప్యూటర్ల కోసం కొత్తగా చేరిన అమ్మాయి రెండు రోజుల్లో రాసిచ్చింది. జిబోడిని ఫారాలు నింపే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఒక మంగళవారం వరుసలో సెలోమ్ వచ్చాడు. ఆ పొలం తన పేర రిజిస్టరు చేయించుకోవాలట.

"నాకు ఈ కంప్యూటర్లు తెలియవు మేడమ్. మీరే టైపు కొట్టిపెట్టాలి."

ఆమె అతని పేరు కొట్టింది. అతను చెప్పుకుపోతుంటే వాగునూ, హద్దులనూ కొట్టింది. ఒక్క తప్పూ లేకుండా కొట్టింది, ఇప్పుడు ఆమె ఉద్యోగం అదే కాబట్టి. ప్రింటు తీసి చేతికిచ్చింది.

"చూశారా, పని ఎంత తొందరగా అయిపోయిందో" అన్నాడు సెలోమ్ సంతోషంగా.

జిబోడి వరుసలో తర్వాతి మనిషిని పిలిచింది.