అక్క గది కుళాయి

ఆ ఇంట్లో ఇనుప పైపులకి ఇంటికున్నంత వయసుంది. కుళాయి తిప్పితే ముందు దగ్గు, తర్వాత తుప్పు, ఆపైన దయ కలిగితే నీళ్ళు. ఇన్నేళ్ళూ కుళాయి మూతికి గుడ్డ కట్టి నెట్టుకొచ్చారు. ఇప్పుడలా కుదరదు.

ఆ ఇంటి ఇల్లాలు బట్టలు కుడుతుంది. ఆవిడ అక్కకి మూత్రపిండాలు రెండూ పాడై, ఆస్పత్రిలో పడి నలభై మూడు రోజులు. పొట్టకి పెట్టిన గొట్టంలోంచి మందునీళ్ళు ఎక్కించి దించే వైద్యం ఇంట్లోనే చేసుకోవచ్చన్నారు. కాకపోతే చేతులు కడుక్కోవడానికి గదిలో తేటనీళ్ళ కుళాయి ఉండి తీరాలి. ఇవాళ నాలుగింటికి నర్సు వచ్చి తిప్పి చూస్తుంది. బాగుంటే రేపు అక్క ఇంటికొస్తుంది. లేదంటే మళ్ళీ నెలకి గానీ నర్సు ఇటు రాదు.

"పక్క మంచం మళ్ళీ ఖాళీ అయిందే," అంది అక్క పొద్దున ఫోనులో. "నన్ను తీసుకుపో."

ప్లంబరు పది రోజుల దాకా తీరిక లేదన్నాడు. ఇల్లాలి మొగుడు కిటికీలకి అద్దాలు కోసి బిగించే మనిషి. "ప్లాస్టిక్ పైపేగా, నేనే వేస్తా," అని పైపు చుట్ట తెచ్చి, ఇనుప పైపులన్నీ పీకి, ఒక్కో ముక్కా కొలిచి పదకొండు ముక్కలు కోశాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఏ ముక్కా పక్క ముక్కని అందుకోవడం లేదు.

"ఎంత కోశారండీ?" అందావిడ.

"పాత ముక్క కంటే ఒక నూలు, పిసరంత, తక్కువ. అద్దమైనా అంతే. చట్రానికి సరిగ్గా కోస్తే పగిలి చస్తుంది."

"ఇది అద్దమా? జాయింటు ముక్కు మీదికి రెండు వేళ్ళ మేర పైపు ఎక్కాలి కదా. గుడ్డకైనా కుట్టుకి వదులుతామే."

ఆయన తలొంచుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా అద్దాలు కోసిన చెయ్యి, కత్తి పట్టగానే తన దారిన తాను పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, పైపుని జాయింటుకి పట్టించే బిగింపు రింగులు కూడా ఆ పొట్టి ముక్కల మీదే నొక్కేశాడు. ఒకసారి నొక్కిన రింగు మళ్ళీ పనికిరాదు. మిగిలింది ఒక్కటే. ఇవాళ దుకాణానికి సెలవు, రేపు పొద్దున్నే గానీ తెరవరు.

"మీ అక్కని నేనే చంపుతున్నానే," అన్నాడు.

"ఏడవడానికి తర్వాత బోలెడంత టైముంది. చుట్టలో ఎంత మిగిలింది?"

మిగిలింది పది మూరలు. ఆవిడ దాన్ని చేత్తో వంచి చూసింది. వంగింది. ఇనుము తిరిగిన మూలలన్నీ ఇదీ తిరగాలని ఎవరన్నారు? వంటింటి వాల్వు దగ్గర్నుంచి గడప మీదుగా అక్క గదిలోకి ఒకే ముక్కగా లాగారు. ఉన్న ఒక్క రింగూ కుళాయి దగ్గర నొక్కారు. వాల్వు దగ్గర పీలికలు చుట్టి తాడు బిగించారు. నీళ్ళు వదలగానే ఆ కట్టు చెమ్మగిల్లింది, బొట్టయింది, ధారైంది. ఆవిడ రెండు చేతులతో నొక్కిపట్టి కింద కూర్చుంది.

అంతలో తలుపు చప్పుడు. మొగుడు నర్సుని అక్క గదిలోకి తీసుకెళ్ళాడు.

వంటింట్లో ఉన్న ఆవిడకి వాళ్ళ మాటలే వినిపించాయి. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు. ఆవిడ ప్రాణమంతా చెవుల్లోకొచ్చింది.

"తేటగానే ఉన్నాయండీ," అంది నర్సు. "సంతకం పెట్టేస్తాను."

ఆవిడకి చేతులు మొద్దుబారాయి. సంతకమైతే రేపు అక్క ఇంటికొస్తుంది. ఎల్లుండి ఈ కట్టు ఊడితే? పొట్టకి గొట్టం పెట్టుకుని, సబ్బు చేతులతో ఎండు కుళాయి ముందు నిలబడేది అక్కే.

"అమ్మా, ఒకసారి ఇటు రండి," అని పిలిచి, చేతులు తీసేసింది.

నీళ్ళు నర్సు చెప్పుల దాకా చిమ్మాయి. మొగుడు పరుగున వచ్చి వాల్వు కట్టేశాడు. నర్సు ఆ పీలికలనీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

"ఎందుకు చూపించారు? నేను కనుక్కునేదాన్ని కాదుగా."

"చేతులు కడుక్కోవాల్సింది మా అక్కండీ."

నర్సు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇవాళ సంతకం పెట్టను. రేపు తొమ్మిదింటికి తిరుగు ప్రయాణంలో ఇటే పోతాను. రింగులు నొక్కి, పైపు గోడవారగా ఉంటే పెడతా. లేకపోతే నెల తర్వాతే, నన్నడగొద్దు."

ఆమె వెళ్ళాక ఇల్లాలు తడి చీరతోనే ఫోను చేసింది.

"అక్కా, రేపు కాదే. ఎల్లుండి."



"ఎల్లుండి ఎన్నింటికి?" అంది అక్క.