వీపు వెనక జలపాతం

మా మ్యూజియంలో కాపలావాళ్లం బొమ్మల్ని చూడం. వాటికి వీపు తిప్పి కూర్చుని, వచ్చే జనాన్ని చూస్తాం. అది మా ఉద్యోగం. నా వెనక గోడకు ఉన్నది పద్దెనిమిదో శతాబ్దపు జలపాతం బొమ్మ: నల్లటి కొండ, తెల్లటి నీళ్లు, అడుగున చీమంత మనిషి.

ఓ రోజు ఆ నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది.

జనం గుసగుసలేమో అనుకున్నాను. గది ఖాళీ అయినా గలగల ఆగలేదు. మా అమ్మకూ మొదట వినిపించింది ఇదే. "గోడలో నీళ్లు పారుతున్నాయే" అని ఒకటే గోల. అక్కా నేనూ తీసుకెళ్లి పిచ్చాసుపత్రిలో చేర్చాం. అక్కడి మందులు మింగీ మింగీ అమ్మ మమ్మల్ని గుర్తుపట్టడమే మానేసింది.

ఇక నా వంతన్నమాట.

పక్క గది కాపలా పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అంటాం. "బాబాయ్, నీకేమన్నా వినిపిస్తోందా?" అని అడిగాను.

"మా ఆవిడ కేకలే వినిపించవు, ఇంకేం వినిపిస్తాయమ్మాయ్!"

నవ్వేసి నా కుర్చీకి వెళ్లిపోయాను. ఇంట్లో నోరు మెదపలేదు. తెలిస్తే అక్క నన్నూ అక్కడికే తీసుకెళ్తుంది.

చప్పుడు రోజురోజుకీ పెరిగింది. నిన్న తట్టుకోలేక వెనక్కి తిరిగి చూశాను. కొండ ఉబ్బి ఉంది. చీమంత మనిషి ముందుకు పొడుచుకొచ్చాడు. పిచ్చి ముదిరిందనుకుని, ఉద్యోగం పోతే పోనీ అని బొమ్మ ముందు కట్టిన తాడు దాటాను. గంట గణగణా మోగింది. బొమ్మ పక్కన గోడకు అరచెయ్యి ఆనించాను.

తడి!

బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. అతని చెయ్యి లాగి గోడకు పెట్టాను. "అమ్మో, ఇంత చెమ్మేంటి!" అన్నాడు. బొమ్మ దించి గోడ పగలగొడితే లోపల చిల్లుపడ్డ పైపు. ఆ చెమ్మకే బొమ్మ గీసిన గుడ్డ ఉబ్బిందట.

పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే అక్కకు ఫోన్ చేసి, భయపడ్డదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "నాకేం పిచ్చి లేదక్కా! గోడలో నిజంగానే నీళ్లున్నాయి!"



"అప్పుడు అమ్మ చూపించిన గోడని మనం ఒక్కసారైనా ముట్టుకున్నామా?" అంది అక్క.

లేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ఇన్నాళ్లూ పడ్డ భయం దీని ముందు ఏపాటి!