వియ్యంకుడి వంశం

హాసిని పెళ్లి విజయవాడలో జరిగినప్పుడు పురోహితుడు పెళ్లికొడుకు గోత్రమేమిటని అడిగాడు. పెళ్లికొడుకు ట్రెవర్‌ది అమెరికాలో టెనెసీ రాష్ట్రం. వాళ్ల నాన్న రస్సెల్ రాంకిన్ పట్టుపంచె జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని, "మాది స్కాచ్-ఐరిష్" అన్నాడు. పురోహితుడు ఒక్క క్షణం ఆలోచించి, గోత్రం తెలియనివాళ్లకు ఇచ్చేదే ఇచ్చేశాడు. అలా టెనెసీ రాంకిన్లు కాశ్యప గోత్రీకులయ్యారు.

అక్కడితో ఆగితే బాగుండేది. విడిదింట్లో చుట్టాలు వాళ్లదెలాంటి కుటుంబమని గుచ్చి గుచ్చి అడుగుతుంటే, హాసిని మేనత్త భానుమతి తట్టుకోలేక, "స్కాట్లండు రాజులకు దగ్గరివాళ్లు. ఇంటిపేరులోనే ర్యాంకుంది, వినపడట్లా?" అనేసింది. హాసిని తండ్రి హనుమత్ప్రసాద్ పక్కనే ఉండి కూడా అక్క మాట కాదనలేదు. ఐర్లండులో, డ్రోహెడాలో, పిల్లల డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్న మనిషి. పిల్లను ఊరూ పేరూ లేని ఇంటికిచ్చాడని అనిపించుకోవడం ఆయనకూ ఇష్టం లేదు.

అందుకే, పూర్వీకుల ఊరు వెతుక్కోవడానికి ఐర్లండు వస్తున్నానని వియ్యంకుడు కబురు పెట్టినప్పుడు, అందరికంటే ఎక్కువ సంబరపడింది హనుమత్ప్రసాదే. ఆసుపత్రికి సెలవు పెట్టాడు. ట్రెవర్‌కు సెలవు దొరకలేదు గానీ, హాసిని కారు తీసింది. ముగ్గురూ ఉత్తరాన ఉన్న డొనెగాల్ జిల్లా వైపు బయల్దేరారు.

రస్సెల్ "ఇంటికొచ్చిన రాంకిన్" అని అచ్చు వేయించిన పచ్చటి టీషర్టు వేసుకున్నాడు. దారి పొడుగునా తమ మూలపురుషుడు జాన్ రాంకిన్ కథే చెప్పాడు. ఆ కుటుంబం ముందు స్కాట్లండు నుంచి డొనెగాల్ వచ్చిందట. కొన్ని తరాలయ్యాక జాన్, మతస్వేచ్ఛ కోసం, చేతిలో బైబిలు తప్ప మరేమీ లేకుండా డెర్రీ రేవులో ఓడెక్కాడట.

"సో దే కేమ్, స్టేడ్ అ బిట్, అండ్ లెఫ్ట్? దట్స్ జస్ట్ రెంటింగ్, రస్" అంది హాసిని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. డ్రోహెడాలో పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులోనే వస్తుంది.

"హాసినీ!" అని తండ్రి కళ్లెర్రజేశాడు. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి మర్యాదగా, "కోటలాంటిదేమైనా ఉండేదంటారా?" అని అడిగాడు.

"ఉండే ఉంటుంది" అన్నాడు రస్సెల్. ఇద్దరికీ మనసు కుదుటపడింది.

లిఫర్డ్ దాటాక ఒక చిన్న ఊళ్లో ప్రెస్బిటేరియన్ చర్చి దొరికింది. సన్నగా వాన పడుతోంది. సమాధి రాళ్ల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. చివరికి గోడ పక్కన రాంకిన్ అన్న పేరు కనిపించగానే రస్సెల్ బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. రాయిని కావలించుకుని ఏడ్చాడు. హనుమత్ప్రసాద్‌కు కూడా కళ్లు చెమర్చాయి. అయినా ఫోటోలు తీయడం ఆపలేదు.

అంతలో చేతిలో గడ్డి కత్తెరతో ఒక పెద్దావిడ అటు వచ్చింది. అబిగేయిల్ రాంకిన్ అని పేరు చెప్పింది. ఆ రాతిని చూసి మొహం చిట్లించి, "వీళ్లు గుట్ట అవతలి రాంకిన్లు. మాకూ వాళ్లకూ మాటల్లేవు" అంది.

రస్సెల్ కళ్లు తుడుచుకుని లేచాడు. జాన్ పేరు చెప్పి, డెర్రీ నుంచి ఓడెక్కాడని చెప్పాడు. ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఆ జానా? అయితే మావాళ్లే" అందావిడ. "రండి, టీ తాగుదురు గాని. మా ఐవన్‌తో మాత్రం జాగ్రత్త."

కోట ఉండాల్సిన చోట ఆవుల కొట్టం, పేడ వాసన, రేకుల ఇల్లు ఉన్నాయి. అబిగేయిల్ భర్త ఐవన్ రాంకిన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. టీషర్టు మీది రాత చదివి, కుర్చీలోంచి లేవకుండానే, "పొలం కోసం వచ్చారా?" అన్నాడు.

"లేదు లేదు. మా కథ తెలుసుకుందామని" అన్నాడు రస్సెల్.

"పోయినేడు గుట్ట అవతలివాళ్లకూ ఒక అమెరికా ఆయన కథ కోసమే వచ్చాడు. ఇప్పుడు లాయరు వస్తున్నాడు."

ఆ అనుమానం తీర్చడానికి చాలాసేపు పట్టింది. హనుమత్ప్రసాద్ డాక్టరని తెలిశాకే ఐవన్ మెత్తబడ్డాడు. వెంటనే తుంటి మీద చెయ్యి వేసుకుని నొప్పి సంగతి ఎత్తుకున్నాడు. తాను పిల్లల డాక్టరునని హనుమత్ప్రసాద్ చెప్పి చూశాడు.

"తుంటి తుంటే కదా డాక్టర్" అన్నాడు ఐవన్. "నాది కొంచెం పెద్దది, అంతే."

గత్యంతరం లేక హనుమత్ప్రసాద్ ఆయన్ను సోఫా మీద పడుకోబెట్టి కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. అలా పడుకునే ఐవన్ అసలు కథ చెప్పాడు. జాన్ బైబిలు పట్టుకుపోయిన సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. దుక్కి దున్నే రోజుల్లో, తెల్లారి లేచి చూసేసరికి, ఇంటికున్న ఒక్కగానొక్క ఆడగుర్రాన్ని తోలుకుపోయాడని మాత్రం తెలుసు. డెర్రీలో దాన్ని అమ్మి ఓడెక్కాడట. జాన్ వాళ్ల అన్న ఆ ఏడు తన భార్యను నాగలికి కట్టాడట. తరతరాలుగా ఈ ఇంట్లో ఏ పిల్లకూ జాన్ అని పేరు పెట్టలేదు.

రస్సెల్ టోపీ తీశాడు. "మా తరఫున క్షమించండి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఐవన్ పైకప్పు వైపు చూశాడు. "చూడి గుర్రం కూడాను" అన్నాడు.

"పోనీలే ఐవన్" అంది అబిగేయిల్.

"గ్రాండ్" అన్నాడాయన. అక్కడివాళ్లు 'సరేలే' అనడం అలాగే; గొంతు మాత్రం గ్రాండ్‌గా లేదు.

సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి భానుమతి ఫోన్ చేసింది. హనుమత్ప్రసాద్ కొట్టం పక్కకు వెళ్లి ఎత్తాడు.

"ఏరా, దొరికిందా వంశం?"

"దొరికింది అక్కయ్యా. కానీ కోటా లేదు, గీటా లేదు. ఆ మూలపురుషుడు ఇంట్లో గుర్రాన్ని ఎత్తుకుపోయాట్ట."

"అంటే గుర్రాలున్న ఇల్లేగా?" అంది భానుమతి. "నే చెప్పలా! అశ్వదళం!" ఆయన నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేసింది. చీకటి పడేలోగా ఈ వార్త ఎంతమందికి చేరుతుందో ఆయనకు తెలుసు.

లోపలికొచ్చేసరికి ఇంకో వింత జరిగింది. రస్సెల్ మొహం వెలిగిపోతోంది. బైబిలు పట్టుకున్న తాతలు టెనెసీలో వీధికి పదిమంది ఉన్నారట, గుర్రం దొంగ తాత మాత్రం తమ ఊరి మొత్తం మీద తనకొక్కడికేనట. ఐవన్‌తో ఫోటో దిగాడు. ఐవన్ నవ్వలేదు గానీ, వెళ్లేముందు కారు డిక్కీలో ఒక బస్తా బంగాళాదుంపలు పెట్టించాడు.

అబిగేయిల్ కారు దాకా వచ్చి, "మరి మీరెక్కడివారు డాక్టర్?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఇండియా అన్న పాత జవాబు సిద్ధంగా ఉంది. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "డ్రోహెడా" అన్నాడు.

"అమ్మో, అంత దూరమే!" అందావిడ జాలిగా.

తిరుగు ప్రయాణంలో వాన గట్టిపడింది. కొంతదూరం పోయాక హాసిని, "డాడ్, వాట్ డిడ్ అవర్స్ టేక్?" అని అడిగింది.

మనవాళ్లు అలాంటివాళ్లు కాదని అనబోయి ఆగిపోయాడు హనుమత్ప్రసాద్. తాత పొన్నూరు దగ్గరి ఊరు వదిలి తెనాలి ఎందుకొచ్చాడో ఆయన ఎన్నడూ అడగలేదు. ఒకటి మాత్రం గుర్తుంది. అన్నాల దగ్గర ఎవరైనా ఆ ఊరి పేరెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "తాత ఎందుకో సొంతూరు వదిలి వచ్చేశారు. ఏదో తీసుకునే ఉంటారు."

వెనక సీట్లోంచి రస్సెల్ ఆత్రంగా ముందుకు వంగాడు. "ఆ ఊళ్లో మీవాళ్లు ఇంకా ఉన్నారా? మనం ఎప్పుడెళ్దాం?"

హనుమత్ప్రసాద్ చెయ్యి చాచి రేడియో సౌండు పెంచాడు.